తేదీ తెలియని కాన్పు

పాడి ఉన్న ఇంట్లో ఆవు ఎప్పుడు కట్టిందని అడిగితే రైతు తడుముకోడు. పశువుల డాక్టరు వచ్చి సూది వేసిన రోజు సోమవారమో, గురువారమో కూడా చెబుతాడు. అక్కడి నుంచి తొమ్మిది నెలల పది రోజులు లెక్క వేసుకుని, ఈనే రోజులు దగ్గర పడగానే కొట్టంలో గడ్డి పరచి, రాత్రిళ్ళు రెండు మూడు సార్లు లేచి చూసి వస్తాడు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. పాడిని నమ్ముకున్న వానికి ఆ శ్రద్ధ ఉండవలసిందే. కాని అదే ఇంటి కోడలు కడుపుతో ఆసుపత్రికి పోయినప్పుడు, "చివరిసారి బహిష్టు అయింది ఏ తేదీన?" అని నర్సమ్మ అడిగితే జవాబు రాదు. అత్తగారు ఒక నెల చెబుతుంది. తల్లి మరొక నెల చెబుతుంది. మగవాళ్ళు గుమ్మం అవతలే నిలబడిపోతారు. ఆ పిల్ల తల వంచుకుంటుంది. చివరికి నర్సమ్మ ఉజ్జాయింపుగా ఒక తేదీ కార్డులో రాసుకుని ముందుకు సాగవలసి వస్తుంది.

ఆ ఉజ్జాయింపు తేదీ మీదనే తర్వాత తొమ్మిది నెలల వైద్యమంతా ఆధారపడుతుంది. ఏ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ పరీక్ష ఎప్పుడు చేయాలి, కడుపులో బిడ్డ వయసుకు తగ్గట్టు ఎదుగుతున్నదా లేదా, నొప్పులు ముందుగా వచ్చాయా, గడువు దాటిపోయిందా - ఇవన్నీ ఆ ఒక్క తేదీని బట్టి తేల్చవలసినవే. పునాదిలో రాయి పక్కకు జరిగితే గోడ నిటారుగా లేవదు. గొడ్డు లెక్క తెలిసిన ఇంట్లో బిడ్డ లెక్క తెలియకపోవడం విచారించవలసిన విషయం.

లెక్క ఎలా?

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. చివరిసారి బహిష్టు మొదలైన మొదటి రోజును గుర్తు పెట్టుకోవాలి. ఆ తేదీకి తొమ్మిది నెలలు కలిపి, దానికి మరో ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. జర్మనీ దేశపు వైద్యుడు నేగెలె పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఈ పద్ధతినే దాదాపు రెండు వందల ఏళ్ళుగా వైద్యులు పాటిస్తున్నారు. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. సంక్రాంతి ముగ్గుల రోజుల్లో, జనవరి 10వ తేదీన ఒక ఇల్లాలు బహిష్టు అయింది. ఆ తర్వాత మళ్ళీ కాలేదు. జనవరి 10కి తొమ్మిది నెలలు కలిపితే అక్టోబరు 10. ఏడు రోజులు కలిపితే అక్టోబరు 17. అదే ఆమె కాన్పు తేదీ. నెలనెలా 28 రోజులకు బహిష్టు అయ్యే వారికి ఈ లెక్క సరిపోతుంది. 35 రోజులకొకసారి అయ్యే వారికి మరో ఏడు రోజులు కలుపుకోవాలి. కొందరికి ఒక నెల 25 రోజులకు, ఒక నెల 40 రోజులకు అవుతుంది. బిడ్డకు పాలిస్తూ, బహిష్టు తిరిగి మొదలు కాకముందే మళ్ళీ గర్భం దాల్చే వారూ ఉంటారు. వీరికి ఈ లెక్క పనికిరాదు. వీరు మొదట్లోనే ఆసుపత్రికి పోయి స్కానింగు ద్వారా తేదీ తేల్చుకోవాలి.

లెక్కలో వచ్చిన రోజునే బిడ్డ పుట్టి తీరుతుందని మాత్రం ఎవరూ అనుకోరాదు. సరిగ్గా ఆ తేదీకి పుట్టే వారు నూటికి నలుగురైదుగురు మాత్రమే. 37 వారాలు నిండిన తర్వాత పుట్టిన బిడ్డను నెలలు నిండిన బిడ్డగానే వైద్యులు పరిగణిస్తారు. పై ఉదాహరణలో సెప్టెంబరు 26 నాటికే ఆ గడువు వస్తుంది. కాబట్టి ఆ రోజు నుంచే సంచి సర్దుకుని, డబ్బు, బండి, తోడు వచ్చే మనిషి సిద్ధంగా ఉండాలి.

ఇంటి లెక్క, ఆసుపత్రి లెక్క

ఊళ్ళలో పెద్దవాళ్ళు నెల తప్పిన నాటి నుంచి లెక్క పెడతారు. ఆసుపత్రిలో అంతకు ముందరి బహిష్టు నుంచి లెక్క పెడతారు. ఈ రెంటికీ నాలుగు వారాల తేడా ఉన్నది. అందుకే డాక్టరు ఎనిమిదో నెల అంటే, ఇంట్లో వాళ్ళు "ఇంకా ఏడో నెలే కదా" అని వాదిస్తారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. లెక్క మొదలుపెట్టిన చోటే వేరు.

ఈ తేడా వల్ల ఎంత ముప్పు ఉన్నదో పై ఉదాహరణలోనే చూడవచ్చు. జనవరి 10న బహిష్టు అయిన ఆమెకు నెల తప్పింది ఫిబ్రవరి 7న. అక్కడి నుంచి నవమాసాలు నిండాలని ఇంట్లో వాళ్ళు కూర్చుంటే నవంబరు 7 వస్తుంది. ఆసుపత్రి లెక్క ప్రకారం అప్పటికి 43 వారాలు. 42 వారాలు దాటిన గర్భంలో మాయ బలహీనపడి బిడ్డకు ప్రాణవాయువు తగ్గవచ్చు, ఉమ్మనీరు ఇంకిపోవచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. "ఇంకా నెలలు నిండలేదు" అనుకుంటూ ఇంట్లో నిశ్చింతగా ఉన్న ఆ మూడు వారాలే ప్రాణం మీదికి తేవచ్చు.

తేదీ గుర్తు లేదంటే అంతటితో వదిలేయనక్కరలేదు. తేదీలు మరచిపోయే వారికి కూడా పండుగలు గుర్తుంటాయి. ఏ పండుగనాడు దేవుని పటం దగ్గరికి పోకుండా దూరంగా ఉండవలసి వచ్చింది, ఏ పెళ్ళికి పోలేకపోయింది, ఏ అమావాస్యకు ముందు, ఏ సంతకు వెనుక - ఇలా అడిగితే చాలామందికి రోజు తట్టుతుంది. అనుభవం ఉన్న నర్సమ్మలు అడిగే తీరు కూడా ఇదే. అన్నిటికన్నా మంచి మార్గం గోడకు వేలాడే క్యాలెండరు. పాల లెక్క, చీటీ లెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు దాని మీదనే రాసుకుంటున్నారు. నెలకొక చిన్న సున్న చుట్టడానికి సిగ్గుపడవలసింది ఏమున్నది?

స్కానింగు కూడా ఎంత త్వరగా తీస్తే అంత సరిగ్గా తేదీ చెబుతుంది. మొదటి మూడు నెలల్లో బిడ్డలన్నీ ఇంచుమించు ఒకే తీరున పెరుగుతాయి. అప్పుడు కొలిచి చెప్పిన తేదీలో వారం రోజులకు మించి తేడా రాదు. చివరి నెలల్లో ఒక బిడ్డ బొద్దుగా, ఒక బిడ్డ సన్నగా ఉంటుంది. అప్పుడు తీసిన స్కానింగులో రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. మొదట తేల్చిన తేదీని చివరి స్కానింగు చూసి మార్చుకోరాదు. స్కానింగు అనగానే ఆడా మగా అని అడిగే బుద్ధి కూడా మానుకోవాలి. 1994 చట్టం ప్రకారం లింగ నిర్ధారణ నేరం. అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే.

పన్నెండు వారాల్లో ఏమున్నది?

నెల తప్పిన వారం రోజులకే ఆశా కార్యకర్త దగ్గర ఉండే పట్టీతో మూత్ర పరీక్ష చేసుకోవచ్చు. గర్భం అని తేలితే వెంటనే ఉపకేంద్రంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఎంత ఆలస్యమైనా 12 వారాలు దాటరాదు. మన ఉదాహరణలో అది ఏప్రిల్ 4. అంటే సంక్రాంతి దగ్గర మొదలైన లెక్కకు ఉగాది దగ్గర గడువు తీరుతుంది.

ఇంత తొందర ఎందుకని కొందరు అడగవచ్చు. బిడ్డ మెదడుకు, వెన్నెముకకు మూలమైన నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. ఉదాహరణలోని ఇల్లాలికి అది ఫిబ్రవరి 21 ప్రాంతం. అప్పటికి నెల తప్పి రెండు వారాలే అవుతుంది. ఆ నాళం సరిగ్గా మూసుకోకపోతే వెన్ను లోపంతో బిడ్డ పుడుతుంది. ఈ లోపాలను చాలావరకు నివారించేది ఫోలిక్ యాసిడ్ మాత్ర. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. అయితే బిడ్డ కావాలనుకున్న నాటి నుంచే మొదలుపెట్టి మూడో నెల నిండే వరకు వేసుకోవాలి. మూడో నెలలో మొదలుపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

మొదటిసారి పోయినప్పుడు బరువు, రక్తపోటు చూస్తారు. హెమోగ్లోబిన్, రక్తం గ్రూపు, చక్కెర, మూత్రం, హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. మొదట్లోనే రక్తపోటు ఎంత ఉన్నదో రాసి ఉంటేనే ఏడో నెలలో అది పెరిగిందని డాక్టరుకు తెలుస్తుంది. హెమోగ్లోబిన్ 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నది. మన రాష్ట్రంలోనూ సగం మందికి పైగా అదే స్థితి. మూడో నెలలో తెలిస్తే మాత్రలతో, తిండితో సరిదిద్దడానికి ఆరు నెలల వ్యవధి ఉంటుంది. తొమ్మిదో నెలలో తెలిస్తే రక్తం సీసాల కోసం పరుగెత్తవలసి వస్తుంది. అదే సర్వేలో మొదటి మూడు నెలల్లో పరీక్షకు పోయిన తల్లులు నూటికి 70 మంది. తక్కిన 30 మంది ఈ వ్యవధిని చేజార్చుకున్నట్లే లెక్క.

మూడో నెల నిండేవరకు నలుగురికీ చెప్పరాదన్న ఆచారం చాలా ఇళ్ళలో ఉన్నది. దిష్టి తగులుతుందని భయం, నిలుస్తుందో లేదో అన్న సందేహం దీనికి కారణాలు. ఇరుగుపొరుగుకు చెప్పకపోతే వచ్చే నష్టం లేదు. కాని నర్సమ్మకు చెప్పకపోతే నష్టం ఉన్నది. ఊరికి చెప్పకుండా ఉపకేంద్రానికి చెప్పవచ్చు. ఆచారానికీ భంగం లేదు, ఆరోగ్యానికీ భంగం లేదు.

సుగ్గికి పోయే ఇళ్ళు

కర్నూలు జిల్లా పడమటి మండలాలకు మరొక చిక్కు ఉన్నది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద ప్రాంతాల నుంచి సంక్రాంతి దాటగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప కోతలకు సుగ్గికి పోతాయి. తిరిగి ఊరు చేరేది ఉగాదికో, ఆ తర్వాతనో. సరిగ్గా ఆ రెండు మూడు నెలల్లోనే నెల తప్పిన ఇల్లాలు ఉన్న ఊళ్ళో లేదు, పోయిన ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎర్రటి ఎండలో మిరపచేలో వంగి కోస్తూ, వేవిళ్ళతో తిన్నది నిలవక, పట్టా కింద పడుకుని, ఊరికి వచ్చి పేరు రాయించుకునే నాటికి నాలుగో నెల దాటిపోయి ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ కాలం గడిచిపోతుంది. తేదీ అడిగితే "కోతల్లో ఉన్నప్పుడు" అన్న జవాబు తప్ప మరొకటి రాదు.

పొట్ట చేత పట్టుకుని పోయే వారిని పోవద్దనే హక్కు ఎవరికీ లేదు. కాని పోయేటప్పుడు చేయదగిన పనులు ఉన్నాయి. బిడ్డ కావాలనుకునే కోడళ్ళు బండి ఎక్కే ముందు ఫోలిక్ యాసిడ్ మాత్రలు, మూత్ర పరీక్ష పట్టీ ఆశా కార్యకర్త దగ్గర అడిగి తీసుకోవాలి. బహిష్టు తేదీ రాసిన చీటీ మూటలో పెట్టుకోవాలి. పేరు రాయించుకోవడానికి సొంత ఊరే కావాలన్న నియమం లేదు. ఎక్కడ ఉంటే అక్కడి ఉపకేంద్రంలో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా పరీక్ష చేయించుకునే హక్కు ప్రతి గర్భిణికీ ఉన్నది. కూలీలను తీసుకుపోయే మేస్త్రీలు కూడా తమ గుంపులో కడుపుతో ఉన్న వారిని ఆసుపత్రికి పంపడానికి ఒక పూట విడిచిపెట్టాలి. ఆ పూట కూలి కోయకుండా ఉంటే అదే వారు చేసే పుణ్యం.

తొలికాన్పుకు పుట్టింటికి పోయే అమ్మాయిల సంగతీ ఇలాంటిదే. అత్తవారి ఊళ్ళో రాసిన కార్డు అక్కడే దూలం సందులో ఉండిపోతుంది. పుట్టింటి ఊళ్ళో నర్సమ్మ మళ్ళీ మొదటి నుంచి అడుగుతుంది. చీర, సారెతో పాటు మాతా శిశు సంరక్షణ కార్డు కూడా సంచిలో పెట్టి పంపడం అత్తవారి బాధ్యత. పోయిన మర్నాడే అక్కడి ఆశా కార్యకర్తకు చూపించడం తల్లి బాధ్యత.

తర్వాతి నెలల్లో

పేరు రాయించుకోవడంతో పని అయిపోలేదు. కనీసం నాలుగు సార్లు పరీక్షకు పోవాలి. పై ఉదాహరణలో మొదటిది ఏప్రిల్ 4 లోపల, రెండోది ఏప్రిల్ 18కీ జులై 11కీ మధ్య, మూడోది జులై 25కీ సెప్టెంబరు 5కీ మధ్య, నాలుగోది సెప్టెంబరు 19 తర్వాత. అవయవాలు సరిగ్గా ఏర్పడ్డాయో లేదో చూసే టిఫా స్కానింగు మే నెల రెండో సగంలో, చక్కెర పరీక్ష మళ్ళీ జూన్ చివర, జులైలో పడతాయి. ధనుర్వాతం రాకుండా టీడీ సూది రెండుసార్లు, నాలుగు వారాల ఎడంతో వేయించుకోవాలి. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో డాక్టర్లే గర్భిణులను ఉచితంగా పరీక్షించే కార్యక్రమం 2016 నుంచి నడుస్తున్నది. నాలుగో నెల నుంచి దీనిని వినియోగించుకోవాలి.

నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. పైన చెప్పిన సర్వేలో అన్ని రోజులు మింగిన వారు నూటికి 26 మందే. మలం నల్లగా పోతుందని, బిడ్డ నల్లగా పుడుతుందని, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మాత్రలను దిండు కింద దాచేవారు ఉన్నారు. మలం నల్లబడటం మాత్ర గుణం. అందువల్ల హాని లేదు. బిడ్డ రంగుకు, మాత్రకు సంబంధమే లేదు. టీతోనూ, పాలతోనూ, క్యాల్షియం మాత్రతోనూ కలపకుండా, నిమ్మనీళ్ళతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

నెలలు నిండే ముందు

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అన్న మాట ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇది నిజం కాదు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కన్నా బతికే అవకాశం ఎక్కువ. 34 వారాల లోపల నొప్పులు వస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి సూదులు ఇస్తారు. 34 వారాలు నిండాయా లేదా అన్నది తేదీ తెలిస్తేనే కదా తేలేది!

మరోవైపు ముహూర్తం చూసుకుని ఆపరేషన్ చేయించే అలవాటు మన రాష్ట్రంలో ముదిరింది. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్ ద్వారా జరిగాయి. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఆపరేషన్ తప్పదు. అది తల్లీ బిడ్డలను కాపాడుతుంది. కాని మంచి నక్షత్రం కోసం 39 వారాలు నిండకముందే బిడ్డను బయటికి తీయిస్తే ఊపిరి అందక అద్దాల పెట్టెలో పెట్టవలసి రావచ్చు. బిడ్డకు నక్షత్రం కన్నా ముందు ఊపిరి కావాలి.

ఏ నెలలోనైనా సరే రక్తం కనబడితే, ఉమ్మనీరు పోతే, తీవ్రమైన తలనొప్పి వచ్చి చూపు మసకబారితే, ముఖం, చేతులు వాస్తే, మూర్ఛ వస్తే, బిడ్డ కదలిక తగ్గితే తేదీ కోసం చూడరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి.

అధికారుల బాధ్యత

తప్పంతా ఇళ్ళ మీద నెట్టివేయడం న్యాయం కాదు. పన్నెండు వారాల లోపల రమ్మని చెప్పే ఆరోగ్యశాఖ, వచ్చిన వారికి తొలి స్కానింగు దగ్గరలోనే దొరికేటట్లు చూడాలి. పల్లె నుంచి పట్టణానికి పోయి, పగలంతా కూర్చుని, రేపు రమ్మనిపించుకున్న కూలి మనిషి మళ్ళీ పోదు. సంక్రాంతికి ముందే వలస గ్రామాలలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు ఇల్లిల్లూ తిరిగి, పోయే కోడళ్ళ పేర్లు రాసుకుని మాత్రలు చేతికిచ్చి పంపాలి. ఏ మండలానికి పోతున్నారో అక్కడి వైద్య సిబ్బందికి ఆ జాబితా అందాలి. మిరప పొలాల దగ్గరికి ఆరోగ్య సిబ్బంది వారానికొకసారి పోయి చూడాలి. ఇందుకు కొత్త పథకం అక్కరలేదు. ఉన్న మనుషులు, ఉన్న ఫోన్లు సరిపోతాయి. రెండు జిల్లాల అధికారులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే చాలు.

అంతకన్నా ముందు మారవలసింది ఇంటి వాతావరణం. బహిష్టు మాట మగవాళ్ళ ముందు ఎత్తరాదన్న బిడియమే తేదీని మింగేస్తున్నది. భార్య తేదీ భర్తకు తెలిసి ఉండటం తప్పు కాదు. అవసరమైన రాత్రి బండి కట్టించవలసింది అతడే, డాక్టరుకు జవాబు చెప్పవలసింది అతడే. ఆవు కట్టిన రోజును మరచిపోని రైతుకు ఇంకొక్క తేదీ గుర్తుంచుకోవడం భారం కాదు. కొత్త క్యాలెండరు గోడకు తగిలించిన ఇంట పాల లెక్క పక్కనే ఆ చిన్న సున్న కూడా కనబడాలి. తొమ్మిది నెలల తర్వాత తల్లీ బిడ్డా క్షేమంగా గడప లోపలికి రావడానికి ఆ సున్నే మొదటి మెట్టు.